అర మిల్లీమీటరు లెక్క

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో ఒక సర్జన్ చేసిన ప్రసంగం. రికార్డింగు విని ఎత్తిరాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

మీ కార్యదర్శిగారు నాకు ఫోన్ చేసినప్పుడు ఒక మాట అన్నారు. "డాక్టరుగారూ, బోర్డు మీద కేన్సర్ అని రాస్తే మనవాళ్లు సగం మంది రారండి. గేస్ ట్రబుల్ అని రాయిస్తాను" అన్నారు. వస్తూ చూశాను, బయట అదే రాసి ఉంది. (నవ్వులు) ఆయన్ని తప్పు పట్టను. కడుపు కేన్సర్ మన ఇంటికి వచ్చేటప్పుడు అదీ ఆ పేరే పెట్టుకుని వస్తుంది.

నేను టెక్కలి వైపు పల్లెలో పుట్టినవాణ్ణి. పాతికేళ్లకు పైగా పొట్ట కోసి వైద్యం చెయ్యడమే నా వృత్తి. ఈవేళ మాత్రం పొట్ట కోయకుండా నయమయ్యే కేన్సర్ గురించే ఎక్కువ చెబుతాను. "మీ బేరం మీరే చెడగొట్టుకుంటారేం" అని మా ఆవిడ కూడా అంది. చెడితే చెడనీ. మన దగ్గర ఈ జబ్బుతో వచ్చేవాళ్లలో చాలామంది అన్నం దిగక, వాంతులై, మనిషి సగమయ్యాక వస్తారు. అప్పుడు కత్తి పట్టుకున్నా నా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

ఒక సంగతితో మొదలుపెడతాను. కొన్నేళ్ల కిందట నరసన్నపేట వైపు నుంచి ఒక పెద్దాయన హెర్నియా ఆపరేషన్‌కి వచ్చారు. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిది. మొలలు లేవు, రక్తం పోయిన గుర్తులు లేవు. మత్తు డాక్టరు ఒప్పుకోలేదు. "మగమనిషికి ఈ వయసులో రక్తం ఎందుకు తగ్గిందో తేలకుండా నేను మత్తివ్వను" అన్నాడు. నాకు చిరాకేసింది కూడా, ఆ రోజు లిస్టు పెద్దది. సరే, ఎండోస్కోపీ చేయించాం, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న గొట్టం దింపి కడుపు లోపల చూడడం. కడుపు కింది భాగంలో చింతగింజంత ఎర్రటి మచ్చ. పుండు లేదు, గడ్డ లేదు. పక్కనున్న పొర కన్నా కాస్త పల్లంగా ఉందంతే. తొందరలో ఉన్నవాడు దాటిపోయేవాడే. ముక్క తీసి పంపితే కేన్సర్ అని వచ్చింది. ఆయన రక్తం తగ్గడానికి ఆ మచ్చే కారణమని నేను ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. దాని మూలంగా ఇది దొరికింది, అంతవరకే.

ఆయన భార్య అడిగారు: "కడుపంతా తీసెత్తారేటి బాబూ?" కొడుకు అడిగాడు: "ఎంత పెద్దదండీ?" ఎవరింట్లోనైనా ఈ రెండు ప్రశ్నలే వస్తాయి. మూడోది ఎవరూ అడగరు. ఎంత లోతుకి దిగింది అని. మిగతా రెండింటికీ జవాబు ఆ మూడోదానిలోనే ఉంది.

కడుపు గోడ మొత్తం కలిపి మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల మందం. అందులోనే పొరలున్నాయి. అన్నం తగిలే లోపలి పొర మ్యూకోసా. దాని కింద మెత్తటి పొర సబ్‌మ్యూకోసా. ఆ కింద కండ. కండ మీద బయటి కప్పు. కేన్సర్ పుట్టేది మ్యూకోసాలో. అక్కడ ఉన్నంతసేపూ అది ఊరి సందుల్లో తిరిగే మనిషి లాంటిది. సబ్‌మ్యూకోసాలోకి దిగిందంటే హైవే ఎక్కినట్టే. అక్కడ రక్తనాళాలు, ఒంట్లోని నీరులాంటి ద్రవం పారే లింఫ్ నాళాలు దండిగా ఉంటాయి. మన ఊరి పక్క పదహారో నంబరు రోడ్డు ఎక్కినవాడు ఇచ్ఛాపురం పోతాడో విశాఖ పోతాడో మనకేం తెలుసు?

ఈ లెక్కని మొదట స్పష్టంగా పెట్టినవాళ్లు జపానువాళ్లు. 1962లో అక్కడి ఎండోస్కోపీ డాక్టర్లు కూర్చుని 'ఎర్లీ', అంటే తొలి దశ కేన్సర్, అంటే ఏమిటో తేల్చారు. కేన్సర్ మ్యూకోసా, సబ్‌మ్యూకోసా దాటకపోతే అది ఎర్లీ. ఎన్నాళ్ల నుంచి ఉందన్నది లెక్కలోకి రాదు, ఎంత వెడల్పో రాదు, చివరికి ఆ లింఫ్ నాళాల దారిలో ఉండే లింఫ్ గ్రంథుల్లోకి పాకిందా లేదా అన్నది కూడా రాదు. లోతు ఒక్కటే. ఈ దశలో వైద్యం జరిగితే అయిదేళ్ల తరవాత నూటికి తొంభై మందికి పైగా బతికి ఉంటారు.

ఎర్లీలో కూడా మళ్లీ తేడా ఉంది. మ్యూకోసాలోనే ఉంటే గ్రంథుల్లోకి పాకే అవకాశం నూటికి రెండు మూడు. సబ్‌మ్యూకోసాలోకి దిగితే నూటికి ఇరవై దాకా. మధ్యలో గీత ఎక్కడ గీశారో తెలుసా? సబ్‌మ్యూకోసాలోకి 500 మైక్రాన్లు. అంటే అర మిల్లీమీటరు. మీ చేతిలో ఉన్న ఆహ్వానపత్రం అట్ట మందం అంత ఉంటుందేమో. దాని లోపల ఉంటే ఒక దారి, దాటితే ఇంకో దారి.

టోక్యోలోని రెండు పెద్ద కేన్సర్ ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయిన 5,265 మంది రిపోర్టులు ఒక్కొక్కటే తిరగేసి 2000లో ఒక పరిశోధన ప్రచురించారు. వాళ్లందరికీ గ్రంథులతో సహా కడుపు భాగం తీసేశారు కాబట్టి ఎవరికి పాకిందో కచ్చితంగా తెలుసు. మ్యూకోసా దాటకుండా, మూడు సెంటీమీటర్ల లోపు ఉండి, కణాలు కాస్త క్రమంగా ఉండే రకం కేన్సర్ ఉన్నవాళ్లు అందులో 1,230 మంది. వాళ్లలో గ్రంథుల్లోకి పాకినది ఎందరికి? ఒక్కరికి కూడా కాదు. అంటే వాళ్లందరికీ గ్రంథులు తీయడం అనవసరపు పనే అయింది. ఒక సర్జన్‌గా ఆ పేపరు చదివినప్పుడు నాకు కాస్త గుచ్చుకుంది.

గ్రంథులు తీయక్కర్లేదంటే పొట్ట కోయక్కర్లేదు. నోట్లోంచి వెళ్లి ఆ మచ్చ ఉన్న పొరని ఒలిచేస్తే చాలు.

ఒలవడం అన్నాను. పలాస జీడిపప్పు కార్ఖానాకి వెళ్లినవాళ్లు ఇక్కడ చాలామంది ఉంటారు. పెంకు తీశాక పప్పు మీద ఎర్రటి పొట్టు అంటుకుని ఉంటుంది. వేడి చేస్తే అది వదులవుతుంది. ఆడవాళ్లు చిన్న కత్తి కొనతో ఆ పొట్టు ఒలుస్తారు. పప్పుకి గాటు పడకూడదు. గుండుగా వస్తే ఒక ధర, బద్దయితే ఇంకో ధర. మా ఎండోస్కోపీ డాక్టర్లు చేసేది అచ్చంగా అదే పని. కాకపోతే నోట్లోంచి మీటరు పొడుగు గొట్టం దూర్చి, టీవీలో చూస్తూ, ఊపిరికి కదిలే గోడ మీద చెయ్యాలి.

మొదట్లో ఉచ్చు వేసి తీసేవారు. మచ్చ కింద సెలైన్ ఎక్కించి ఉబ్బించి, తీగ ఉచ్చు బిగించి, కరెంటుతో కోసెయ్యడం. 1984 నుంచి ఉన్న పద్ధతి, ఈఎంఆర్ అంటారు. చిన్నవాటికి బాగానే పనిచేస్తుంది. రెండు సెంటీమీటర్లు దాటితే ఉచ్చులో ఒక్కసారి పట్టదు, రెండు మూడు ముక్కలుగా వస్తుంది. అంటే బద్దలు. ముక్కలైతే అంచు ఏదో లోతు ఏదో తెలియదు, మళ్లీ అక్కడే మొలిచే ప్రమాదం కూడా ఎక్కువ. 1990లలో టోక్యో జాతీయ కేన్సర్ కేంద్రంలో ఒక కత్తి తయారుచేశారు. కరెంటు తీగ కొనకి చిన్న పింగాణీ గుండు తగిలించారు. పింగాణీకి కరెంటు పారదు కాబట్టి కొన గోడలోకి గుచ్చుకుపోదు, పక్కభాగమే కోస్తుంది. దాంతో ఎంత పెద్ద పొరనైనా గుండుగానే ఒలవడం వీలైంది. దీని పేరే ఈఎస్‌డీ.

ఆ నరసన్నపేట పెద్దాయనకి ఇదే చేయించాం. హైదరాబాదు పంపాను, నేను కూడా వెళ్లి దగ్గరుండి చూశాను. మనిషికి మత్తు. ముందు మచ్చ చుట్టూ ఒక అరసెంటీమీటరు ఎడంగా, ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు కరెంటుతో చుక్కలు పెట్టారు. తరవాత సూదితో పొర కింద నీలి రంగు కలిపిన ద్రవం ఎక్కించారు. మచ్చ మెల్లగా బూరెలా పైకి లేచింది. లేవడం కూడా ఒక పరీక్షే. లోతుగా దిగిన కేన్సర్ కిందకి కరుచుకుని ఉంటుంది, సరిగా లేవదు. ఇది లేచింది. చుక్కల బయట చుట్టూ గాటు పెట్టి, ఒక అంచు నుంచి నీలి పొరని కోసుకుంటూ పోయారు. మధ్యమధ్య రక్తనాళం కనబడితే కోయకముందే కాల్చేస్తున్నారు. గంటన్నర పట్టింది. నేనైతే ఆ గంటన్నరలో సగం కడుపు తీసి కుట్టేసేవాణ్ణేమో! (నవ్వులు) కానీ ఆయన మూడో రోజున జావ తాగి, నాలుగో రోజున ఆసుపత్రి మెట్లు తనే దిగాడు.

ప్రమాదం లేదని చెప్పను. నూటికి నలుగురైదుగురికి తరవాతి రోజుల్లో రక్తం పోవచ్చు. నల్లటి విరేచనం అయితే వెంటనే రావాలి. కొద్దిమందికి గోడకి చిల్లు పడుతుంది. చాలాసార్లు లోపల్నుంచే క్లిప్పులు వేసి మూసేస్తారు, అరుదుగా నాలాంటివాడి అవసరం పడుతుంది. ఒలిచినచోట పుండు మానడానికి రెండు నెలలు పడుతుంది, అన్నాళ్లూ యాసిడ్ తగ్గించే మాత్ర వేసుకోవాలి. గుండెకి స్టెంటు వేయించుకుని రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు వాటిని సొంతంగా ఆపకండి. గుండె డాక్టరూ ఎండోస్కోపీ డాక్టరూ మాట్లాడుకుని చెబుతారు.

అసలు విషయం తీశాక మొదలవుతుంది. ఒలిచిన పొరని రబ్బరు పలక మీద పరిచి, అప్పడంలా చుట్టుకుపోకుండా గుండుసూదులు గుచ్చి పంపుతారు. పేథాలజిస్టు దాన్ని రెండేసి మిల్లీమీటర్ల చొప్పున ముక్కలు కోసి, ప్రతి ముక్కా మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తాడు. అంచుల్లో కేన్సర్ ఉందా, లోతు ఎంత, లింఫ్ నాళంలో కణాలు కనబడ్డాయా, ఏ రకం కణాలు. ముందు చేసిన స్కాన్లూ ఎండోస్కోపీలూ అంచనాలే. తీర్పు ఈ రిపోర్టుది. ఈ వైద్యంలో అందరికన్నా పెద్ద డాక్టరు రోగికి ఎప్పుడూ కనబడని ఆ పేథాలజిస్టే అని నా ఉద్దేశం. అందుకే రోగి ఇంటివాళ్లకి ముందే చెబుతాను: ఒలవడం సగం వైద్యం, సగం పరీక్ష. రిపోర్టు బాగుంటే అదే వైద్యం. లోతు దాటిందని వస్తే అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకుంటాం. "ఒకసారి చేశారు కదా, మళ్లీ ఏంటి, మోసం" అని గొడవపడవద్దు.

లోతు దాటినవాళ్లందరికీ ఆపరేషన్ తప్పదా అంటే, అదీ లెక్కే. జపానులో ఇలాంటివాళ్లని మూడు తరగతులు చేశారు. కింది తరగతిలో గ్రంథుల్లో కేన్సర్ ఉండే అవకాశం నూటికి రెండున్నర. మధ్యది ఆరేడు. పైది ఇరవై రెండు దాటింది. అరవై ఏళ్లవాడు గట్టిగా ఉండి పై తరగతిలో పడితే నేను ఆపరేషన్ చేయించుకోమనే చెబుతాను. ఎనభై రెండేళ్లావిడ, గుండె బలహీనం, కింది తరగతి. ఆవిడని బల్ల మీద పడుకోబెట్టడానికి నాకు చెయ్యి రాదు.

ఇక నా కత్తి సంగతి. కేన్సర్ కోసం కడుపు కోసి రోగిని బతికించిన మొదటి సర్జన్ వియన్నాలో బిల్‌రోత్, 1881 జనవరి 29న. ఆ రోగి ఒక నలభై మూడేళ్లావిడ. ఆపరేషన్ తట్టుకుంది కానీ జబ్బు తిరగబెట్టి నాలుగు నెలల్లో పోయింది. అప్పటికే పాకిపోయి ఉంది మరి. ఇప్పుడు మచ్చ కడుపు కింది భాగంలో ఉంటే మూడింట రెండొంతులు తీసి, మిగిలినదాన్ని పేగుకి కలుపుతాం. పైన ఉంటే కొన్నిసార్లు మొత్తం తీసెయ్యాలి. దాంతోపాటు చుట్టూ ఉన్న లింఫ్ గ్రంథులు. కనీసం 16 గ్రంథులు చూస్తేనే దశ సరిగ్గా తేలుతుంది. ఎర్లీకి కాబట్టి మరీ దూరం వెళ్లక్కర్లేదు. పెద్ద కోత కూడా అక్కర్లేదు. చిన్న రంధ్రాల్లోంచి లాప్రోస్కోపీతో చేయవచ్చని 1991లో జపానులో మొదలుపెట్టారు. అలా చేస్తే కేన్సర్ మిగిలిపోతుందేమోనని మాలాంటి పాతకాలపువాళ్లం చాలాకాలం గొణిగాం. కొరియావాళ్లు 1,400 మందికి పైగా రోగుల్ని చీటీ వేసినట్టు రెండు జట్లు చేసి, ఒక జట్టుకి పెద్ద కోత, ఇంకో జట్టుకి లాప్రోస్కోపీ చేశారు. అయిదేళ్లకి బతికి ఉన్నది ఒక పక్క నూటికి 93.3, ఇంకో పక్క 94.2. గొణుగుడు ఆపేశాం.

కడుపు తీసేశాక ఎలా బతుకుతారు అని అందరికీ భయం. బతుకుతారు, తినే తీరు మారుతుంది. చెంబుడు చోడి అంబలి ఎత్తి గటగటా తాగే అలవాటున్నవాళ్లు ఇక గ్లాసులో సగం, అదీ గుక్కగుక్క. రోజుకి ఆరుసార్లు కొద్దికొద్దిగా. అన్నంతోపాటు నీళ్లు తాగకూడదు, అరగంట తేడా ఉండాలి. తీపి తిన్న పావుగంటకో అరగంటకో చెమటలు పట్టి, గుండె దడదడలాడి, కళ్లు తిరిగితే కంగారుపడకండి. అరిసె కడుపులో ఆగకుండా సరాసరి పేగులోకి పడిపోయిందన్నమాట. దాన్ని డంపింగ్ అంటాం. చాలామందికి కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. మొత్తం కడుపు తీసినవాళ్లకి బీ12 ఇంజెక్షన్ జీవితాంతం ఉండాలి. ఒంట్లో పాత నిల్వ కొన్నేళ్లు సరిపోతుంది కాబట్టి, "బాగానే ఉన్నాను కదా" అని మానేస్తారు. నాలుగేళ్ల తరవాత కాళ్లు తిమ్మిర్లని వస్తారు.

ఒలిపించుకున్నవాళ్లకి ఈ తిప్పలేవీ ఉండవు, ఇంకోటి ఉంటుంది. కడుపు మొత్తం అలాగే ఉంది కదా, ఇంకోచోట కొత్తగా మొలవవచ్చు. ఏటా నూటికి ఇద్దరు ముగ్గురికి అలా అవుతుంది. ఏడాదికోసారి గొట్టం పరీక్ష తప్పదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి ఉంటే మందులు వాడి తీసెయ్యాలి. కొరియాలో 2018లో వచ్చిన ఫలితం చెబుతాను. ఒలిపించుకున్నవాళ్లని ఆరేళ్లు గమనిస్తే, ఆ మందు వాడనివాళ్లలో నూటికి 13 మందికి కొత్త కేన్సర్ మొలిచింది, వాడినవాళ్లలో 7 మందికి. ఈ సూక్ష్మజీవి వల్లే కడుపులో వాపు, పుండు వస్తాయని నమ్మించడానికి బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాన్ని తనే తాగేసి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో నోబెల్ వచ్చింది. మీరు తాగక్కర్లేదు, మనలో చాలామందికి చిన్నప్పుడే వచ్చేసి ఉంటుంది. (నవ్వులు) ఉన్నంతమాత్రాన కేన్సర్ వస్తుందని కాదు, ఎక్కువమందికి ఏమీ కాదు.

ఒక ఇంటి సంగతి చెప్పి ఆపుతాను. మా మేనమామ. కడుపులో మంట అని దగ్గర్లోని ఒక డాక్టరుకి చూపించుకుంటే గేస్ మాత్రలు రాశారు. తగ్గింది. మానేస్తే మళ్లీ వచ్చింది, మళ్లీ మాత్రలు. ఎనిమిది నెలలు. నేను అప్పుడు పీజీ చదువుతున్నాను, పండక్కి వచ్చి ఆ మాత్రల అట్టలు చూశాను, ఏమీ అనలేదు. మందుకి తగ్గుతోంది కదా అనుకున్నాను. తప్పు అక్కడే. యాసిడ్ తగ్గించే మాత్రకి మామూలు పుండే కాదు, కేన్సర్ పుండు కూడా పైకి మానినట్టు కనబడగలదు. లోపల తన పని తాను చేసుకుంటుంది. జపానులో వైద్యం లేకుండా ఉండిపోయిన ఎర్లీ కేన్సర్ల మీద ఒక పరిశీలన ఉంది. ముదరడానికి పట్టిన కాలం ఉజ్జాయింపుగా 44 నెలలు. అంటే ఎర్లీ దశలో ఉన్నవాళ్లలో సగం మందికి మూడేళ్లకు పైనే గడువుంటుంది. మా మామకి ఆ గడువు ఎప్పుడు మొదలై ఎప్పుడు అయిపోయిందో మాకు తెలియలేదు. పొట్ట తెరిచిన సర్జన్ పది నిమిషాల్లో బయటికి వచ్చేశాడు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.

(ఒక సభ్యుడు: అయితే గేస్ ఉన్న ప్రతివాడూ గొట్టం వేయించుకోవాలా?)

అక్కర్లేదండి. మిరపకాయ బజ్జీలు తిని మంటెత్తితే ఎండోస్కోపీ ఎందుకు? కొరియాలో నలభై దాటినవాళ్లందరికీ రెండేళ్లకోసారి ప్రభుత్వమే చేయిస్తుంది, అక్కడ ఈ జబ్బు అంత ఎక్కువ. మన దేశంలో అలాంటి పథకం లేదు. నా పద్ధతి చెబుతాను. నలభై అయిదు దాటాక కొత్తగా మొదలైన మంట నెల రోజుల్లో పోకపోతే, బరువు తగ్గుతుంటే, రక్తం తగ్గితే, ఇష్టంగా తినే మాంసం మీద వెగటు పుడితే, తోబుట్టువులకో కన్నవాళ్లకో ఈ జబ్బు ఉంటే వేయించుకోండి. ఇంకోటి, కడుపులో పుండు అని తేలినవాళ్లు రెండు మూడు నెలల తరవాత మళ్లీ చూపించుకుని, మానిందని కళ్లతో చూశాకే ఊరుకోండి. రెండోసారి రమ్మంటే డబ్బుల కోసం అనుకోవద్దు.

(ఒక సభ్యురాలు: మా అత్తగారు అడ్డపొగ తాగుతారండి. దానివల్ల కూడా వస్తుందా?)

మన జిల్లా పరువు అది. చుట్ట నిప్పు నోటి లోపల పెట్టి కాల్చేది మన ఆడవాళ్లే. దానికి మొదట పోయేది అంగుడి, నోటి పై భాగం. పొగాకు కడుపు కేన్సర్‌ని కూడా పెంచుతుంది. మాన్పించండి. మానకపోతే నెలకోసారి నోరు తెరిపించి టార్చి వేసి చూడండి, తెల్లమచ్చ గానీ పుండు గానీ ఉంటే తీసుకురండి.

(ఒక సభ్యుడు: నాకు పళ్ల సెట్టు ఉందండి. గొట్టం వేస్తారా?)

వేస్తారు. ముందు రోజు రాత్రి పెందలాడే తినేసి, పొద్దున్న టీ కూడా తాగకుండా రండి. టీ కొంచెమే కదా అంటారు, అదీ వద్దు, మచ్చ కనబడాలి కదా. పళ్ల సెట్టు తీసి డబ్బాలో పెట్టి వెంట వచ్చినవాళ్ల చేతికివ్వండి. జేబులో మాత్రం వేసుకోవద్దు. మొన్న ఒకాయన దాని మీదే కూర్చున్నారు.